పేరు వచ్చాకే హక్కు: బ్రిటన్‌లో కుటుంబ సంరక్షకుల గుర్తింపు చరిత్ర (1963–2024)

వ్యాససంగ్రహం:

వృద్ధులకు, దీర్ఘరోగులకు, వికలాంగులకు ఇంట్లో వేతనం లేకుండా సేవచేసే కుటుంబసభ్యులను ప్రత్యేక వర్గంగా గుర్తించి చట్టాలు చేసిన దేశాల్లో బ్రిటన్ ముందువరుసలో ఉంది. 1963లో ఒక మహిళ పత్రికలకు రాసిన లేఖతో మొదలైన ఈ క్రమం 2024లో అమలులోకి వచ్చిన సంరక్షకుల సెలవు చట్టం వరకు సాగింది. ఈ గుర్తింపు ఒక్కసారిగా రాలేదు. ప్రతి దశలోనూ రాజ్యం ఒక గీత గీసి కొందరిని లోపలికి తీసుకుంది, మరికొందరిని బయట ఉంచింది. బయట ఉన్నవారు తమకొక పేరు పెట్టుకొని ప్రశ్నించినప్పుడే ఆ గీత జరిగింది. ఈ పరిణామాన్ని దశలవారీగా పరిశీలించి, దాని వెలుగులో భారతీయ చట్టాల స్వభావాన్ని, ముఖ్యంగా తెలుగు కుటుంబాల్లో ఈ పని మోసేవారి స్థితిని చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: కుటుంబ సంరక్షణ, వేతనం లేని శ్రమ, స్త్రీల చరిత్ర, సంక్షేమ రాజ్యం, మేరీ వెబ్‌స్టర్, డ్రేక్ తీర్పు, వృద్ధుల పోషణ చట్టం.

1. ఉపోద్ఘాతం:

మంచాన పడిన మనిషి ఉన్న ఇంట్లో ఆ మనిషిని కనిపెట్టుకొని ఉండే మరొకరు కూడా ఉంటారు. వేళకు మందులివ్వడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, రాత్రి పిలిస్తే లేవడం, ఆసుపత్రికి తీసుకువెళ్లడం వారి దినచర్య. రోగిని గురించి వైద్యశాస్త్రం మాట్లాడుతుంది. వృద్ధులను గురించి చట్టం మాట్లాడుతుంది. ఈ రెండో మనిషిని గురించి చరిత్ర రచన మాట్లాడడం మాత్రం ఇటీవలి విషయం.

ఈ మౌనానికి భాషతో సంబంధం ఉంది. తెలుగులో 'సంరక్షకుడు' అనే మాట న్యాయపరిభాషలో మైనరు బాధ్యత వహించే వ్యక్తిని సూచిస్తుంది. 'పరిచారిక' జీతానికి పనిచేసే మనిషిని గుర్తుచేస్తుంది. 'సేవ' అన్నప్పుడు పుణ్యభావం తోడవుతుంది. 'చాకిరి' అన్నప్పుడు అలసట, విసుగు ధ్వనిస్తాయి. పనికి ఇన్ని మాటలున్నా ఆ పని చేసే మనిషికి కూతురు, కోడలు, భార్య అనే బంధుత్వవాచకాలు తప్ప వేరే పేరు లేదు. బ్రిటన్‌లో స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాలతో పనిచేసినవారు పంజాబీ, ఉర్దూ, గుజరాతీ, బెంగాలీ భాషల్లోనూ 'కేరర్' అనే ఇంగ్లీషు మాటకు సూటియైన సమానార్థకం లేదని గమనించారు. అయితే ఇంగ్లీషులో సైతం ఈ మాట ఈ అర్థంలో బహుళ వాడుకలోకి వచ్చింది 1980లలోనే. అంతకుముందు అక్కడ కూడా కూతురు, భార్య, అవివాహిత అనే మాటలే ఉండేవి. పేరు లేని స్థితి నుంచి చట్టంలో నిర్వచనం పొందే స్థితికి ఒక వర్గం ఎలా చేరుకుందో తెలుసుకోవడానికి బ్రిటన్ చరిత్ర ఉపకరిస్తుంది.

ఈ వ్యాసంలో 'కుటుంబ సంరక్షకులు' అనే పదబంధం వేతనం లేకుండా ఇంట్లోని వృద్ధులకు, దీర్ఘరోగులకు, వికలాంగులకు సేవచేసేవారు అనే అర్థంలో ప్రయుక్తమైంది. సాధారణ శిశుపోషణ ఈ పరిధిలోకి రాదు.

2. నేపథ్యం – సంక్షేమ రాజ్యం, గృహిణి:

రెండో ప్రపంచ యుద్ధానంతర బ్రిటన్ సంక్షేమ వ్యవస్థకు 1942 నాటి బెవరిడ్జ్ నివేదిక పునాది. నిరుద్యోగం, అనారోగ్యం, వార్ధక్యం వంటి ఆపదల నుంచి ఉద్యోగి చెల్లించే బీమా చందా ద్వారా రక్షణ కల్పించాలన్నది దాని ప్రధాన సూత్రం. ఈ పథకంలో వివాహిత స్త్రీ ప్రధానంగా భర్తపై ఆధారపడిన వ్యక్తి. ఆమెకు రక్షణ భర్త చందా ద్వారానే లభిస్తుంది. ఇంట్లో ఆమె చేసే పనిని నివేదిక గౌరవంగానే ప్రస్తావించింది. అయితే ఆ పనిని ఆదాయం కోల్పోవడానికి కారణమయ్యే స్థితిగా పరిగణించలేదు. ఇంట్లో ఉండడం గృహిణి సహజస్థితి అన్న భావన అందుకు మూలం.

అవివాహిత స్త్రీల స్థితి దీనికి భిన్నం. మొదటి ప్రపంచ యుద్ధంలో పెద్దసంఖ్యలో యువకులు మరణించారు. 1921 జనగణన నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో పురుషుల కన్నా స్త్రీలు దాదాపు 17 లక్షలు ఎక్కువ. ఆ తరంలో ఎందరో అవివాహితలుగా మిగిలి ఉపాధ్యాయినులుగా, గుమాస్తాలుగా, నర్సులుగా బతుకుదెరువు చూసుకున్నారు. పెళ్లైన స్త్రీ ఉద్యోగం వదలాలన్న నిబంధన ఉపాధ్యాయ వృత్తిలో 1944 వరకు, సివిల్ సర్వీసులో 1946 వరకు ఉంది. కాబట్టి ఉద్యోగజీవితం సాగించిన స్త్రీలలో అవివాహితల పాత్ర పెద్దది. తల్లిదండ్రులు మంచాన పడినప్పుడు పెళ్లైన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు 'ఆమెకు సంసారం లేదు కదా' అనుకోవడం, ఆమె ఉద్యోగం మాని ఇంటికి రావడం మామూలైంది. జీతం ఆగిన రోజునే బీమా చందా ఆగేది. తల్లిదండ్రులు మరణించేనాటికి ఆమె వయసు యాభై దాటేది. అప్పుడు ఉద్యోగం దొరికేది కాదు, పూర్తి పింఛను వచ్చేది కాదు. ఇల్లు తల్లిదండ్రుల పేరు మీద అద్దెకు తీసుకున్నదైతే అదీ చేజారే ప్రమాదం ఉండేది.

3. మేరీ వెబ్‌స్టర్ లేఖ – 'ఒంటరి స్త్రీ' అనే తొలి పేరు:

కాంగ్రిగేషనల్ చర్చిలో మతబోధకురాలైన మేరీ వెబ్‌స్టర్ 1954లో, 31 ఏళ్ల వయసులో, వృద్ధులైన తల్లిదండ్రులను చూసుకోవడానికి ఉద్యోగం వదిలారు. తొమ్మిదేళ్ల తరువాత, 1963లో, తనలాంటి స్త్రీల ఇబ్బందులను వివరిస్తూ పత్రికలకు లేఖలు రాశారు. వాటికి దేశం నలుమూలల నుంచి వందల సంఖ్యలో జవాబులు వచ్చాయి. ఎవరికి వారు తమ ఇంటి విషయంగా, తమ తలరాతగా భావించినది వేలాది ఇళ్లలో ఒకే తీరున ఉందని ఆ ఉత్తరాలు తెలియజేశాయి.

ఈ స్పందన ఫలితంగా 1965లో 'నేషనల్ కౌన్సిల్ ఫర్ ద సింగిల్ ఉమన్ అండ్ హర్ డిపెండెంట్స్' అనే సంస్థ ఏర్పడింది. 1967లో ఆధారపడిన బంధువును పోషించేవారికి ఆదాయపు పన్నులో లభించిన ఊరటను ఈ ఉద్యమం తన తొలి విజయంగా పరిగణిస్తుంది. వెబ్‌స్టర్ 1969లో, 46 ఏళ్ల వయసులోనే మరణించారు.

సంస్థ పేరులో రెండు పక్షాలున్నాయి: ఒంటరి స్త్రీ, ఆమెపై ఆధారపడినవారు. చేసే పనిని బట్టి కాక వివాహస్థితిని బట్టి ఇక్కడ గుర్తింపు ఏర్పడింది. ఆనాటి సమాజం అర్థం చేసుకోగలిగిన వాదన అదే. భర్త సంపాదన లేని స్త్రీ, తన సంపాదనను కూడా కోల్పోతే ఎలా బతుకుతుందన్న ప్రశ్నను ఎవరూ తోసిపుచ్చలేకపోయారు. ఉద్యమానికి బలమిచ్చిన ఈ వాదనే తరువాతి దశలో దాని హద్దు కూడా అయింది.

4. భత్యం వచ్చింది, భార్యలు మినహా (1971–1976):

1971లో అటెండెన్స్ అలవెన్స్ అమలులోకి వచ్చింది. తీవ్ర వైకల్యం వల్ల ఇతరుల సహాయం అవసరమైనవారికి ఇచ్చే భత్యమిది. ఇది సేవ పొందే వ్యక్తికే చెందుతుంది. సేవచేసే వ్యక్తి పేరు ఇందులో ఉండదు.

సేవచేసే వ్యక్తికే చెందిన మొదటి భత్యం 1975 సామాజిక భద్రతా చట్టం ద్వారా ఏర్పడి 1976లో అమలైన ఇన్‌వ్యాలిడ్ కేర్ అలవెన్స్. వారానికి కనీసం 35 గంటలు సేవచేయాలి. సేవ పొందే వ్యక్తికి అటెండెన్స్ అలవెన్స్ వంటి భత్యం వస్తుండాలి. సేవచేసే వ్యక్తి నిర్ణీత పరిమితికి మించి సంపాదించకూడదు. మొదట్లో బంధువులకు సేవచేసేవారికే దీన్ని పరిమితం చేసి, 1981లో బంధువులు కానివారికి కూడా విస్తరించారు. బీమా చందాతో నిమిత్తం లేకుండా, కేవలం సేవ కారణంగా ఆదాయం కోల్పోయినందుకు రాజ్యం చెల్లింపు చేయడం సంక్షేమ చరిత్రలో కొత్త మలుపు.

కాని భర్తతో కలిసి ఉంటున్న వివాహిత స్త్రీకి, వివాహం లేకుండా సహజీవనం చేస్తున్న స్త్రీకి ఈ భత్యం వర్తించదు. వివాహిత పురుషుడికి మాత్రం వర్తిస్తుంది. దీనికి 1974లో ప్రభుత్వం ప్రకటించిన విధానపత్రం చెప్పిన కారణం గమనార్హం: వివాహిత స్త్రీలు ఎలాగూ ఇంట్లోనే ఉండే అవకాశం ఉంది కాబట్టి సేవ కారణంగా వారు ఉద్యోగం వదులుకున్నారని చెప్పలేమన్నది దాని సారాంశం. అప్పటికే బ్రిటన్‌లో ఎందరో వివాహిత స్త్రీలు ఉద్యోగాలు చేస్తున్నారు. అయినా బెవరిడ్జ్ నాటి గృహిణి భావన మూడు దశాబ్దాల తరువాత కూడా చట్టంలో కొనసాగింది. సేవకుల్లో అత్యధికులైన వర్గాన్ని బయట ఉంచి రూపొందిన ఈ భత్యాన్ని మొదటి దశాబ్దంలో పొందినవారి సంఖ్య స్వల్పం.

1978 నుంచి గృహబాధ్యతల కారణంగా ఉద్యోగానికి దూరమైన కాలానికి పింఛను లెక్కింపులో రక్షణ కల్పించే మరో ఏర్పాటు వచ్చింది. నగదు రాకపోయినా, సేవలో గడిపిన ఏళ్లు వార్ధక్యంలో శిక్షగా మారకూడదన్న సూత్రాన్ని రాజ్యం దీనిద్వారా అంగీకరించింది.

5. 'కేరర్' – పని నుంచి పుట్టిన పేరు (1981–1988):

1981లో జుడిత్ ఆలివర్ 'అసోసియేషన్ ఆఫ్ కేరర్స్' అనే సంస్థను స్థాపించారు. ఆమె అవివాహిత కాదు. వికలాంగుడైన భర్తను చూసుకుంటున్న భార్య. వెబ్‌స్టర్ స్థాపించిన సంస్థ నిర్వచనంలో ఆమెకు చోటు లేదు. కొత్త సంస్థ వివాహస్థితిని, లింగభేదాన్ని, బంధుత్వాన్ని పక్కనపెట్టి చేసే పనినే ప్రాతిపదికగా తీసుకుంది. పాత సంస్థ సైతం 1982లో తన పేరు నుంచి 'ఒంటరి స్త్రీ' అన్న మాటను తొలగించి 'కేరర్స్' అన్న మాటను చేర్చుకుంది. ఈ రెండు సంస్థలు 1988లో 'కేరర్స్ నేషనల్ అసోసియేషన్'గా విలీనమయ్యాయి. 2001 నుంచి ఆ సంస్థ పేరు 'కేరర్స్ యూకే'.

ఇదే కాలంలో స్త్రీవాద పండితులు ఈ అంశానికి సిద్ధాంతబలం చేకూర్చారు. జానెట్ ఫించ్, డల్సీ గ్రోవ్స్ సంపాదకత్వంలో 1983లో వెలువడిన వ్యాససంపుటి 'ఎ లేబర్ ఆఫ్ లవ్' ఈ రంగంలో మైలురాయి. అందులో హిలరీ గ్రాహం సంరక్షణలో ప్రేమ, శ్రమ రెండూ విడదీయరాకుండా ఉంటాయని ప్రతిపాదించారు. ఒక మనిషి పట్ల ఆదరం కలిగి ఉండడం వేరు, ఆ మనిషి పనులన్నీ చేయడం వేరు. మొదటిది భావం, రెండోది శ్రమ. భావాన్ని ముందుకు తెచ్చి శ్రమను కనబడకుండా చేయడమే కుటుంబంలోనూ రాజ్యవిధానంలోనూ జరుగుతున్నదన్నది ఈ చర్చల సారం. తెలుగులో 'సేవ', 'చాకిరి' అనే రెండు మాటల మధ్య ఉన్న దూరం ఈ విభజనకు దగ్గరగా ఉంది. 'అత్తగారికి సేవ చేసింది' అని ఇతరులు అంటారు. 'చాకిరి చేశాను' అని చేసినవారు అనుకుంటారు. రెండు మాటలూ ఒకే పనిని గురించినవే.

1985 నాటి జనరల్ హౌస్‌హోల్డ్ సర్వే మొదటిసారిగా సంరక్షకులను లెక్కించింది. గ్రేట్ బ్రిటన్‌లో దాదాపు 60 లక్షల మంది సంరక్షకులున్నారని, వారిలో సుమారు 35 లక్షల మంది స్త్రీలు, 25 లక్షల మంది పురుషులని 1988లో ప్రచురితమైన నివేదిక వెల్లడించింది. ఈ లెక్క రెండు వైపుల నుంచి ఆశ్చర్యపరచింది. సమస్య పరిమాణం పాలకుల అంచనాను మించింది. పురుషుల సంఖ్య స్త్రీవాద పండితుల అంచనాను మించింది. భార్యను చూసుకుంటున్న వృద్ధ భర్తలు ఈ లెక్క ద్వారానే చర్చలోకి వచ్చారు.

6. డ్రేక్ తీర్పు (1986):

వివాహిత స్త్రీలను మినహాయించిన నిబంధనను న్యాయస్థానంలో ఎదుర్కొన్నవారు జాక్వెలిన్ డ్రేక్. తీవ్ర వైకల్యం గల తల్లి తన ఇంటికి రావడంతో ఆమె 1984లో ఉద్యోగం మానుకున్నారు. భర్తతో కలిసి ఉంటున్నందున ఇన్‌వ్యాలిడ్ కేర్ అలవెన్స్ నిరాకరణకు గురైంది. సామాజిక భద్రతలో స్త్రీపురుషులను సమానంగా చూడాలన్న 1978 నాటి యూరోపియన్ ఆదేశానికి ఈ నిబంధన విరుద్ధమన్నది ఆమె వాదన. వ్యవహారం యూరోపియన్ న్యాయస్థానానికి చేరింది.

ఇందులో సూక్ష్మమైన న్యాయప్రశ్న ఒకటి ఉంది. సదరు ఆదేశం అనారోగ్యం, వైకల్యం వంటి ఆపదలకు వర్తిస్తుంది. ఇక్కడ వైకల్యం తల్లిది, భత్యం కోరుతున్నది కూతురు. వైకల్యం తనది కాని వ్యక్తికి ఆదేశం వర్తిస్తుందా? కూతురికి చెల్లించే భత్యం తల్లి వైకల్యం వల్లనే ఏర్పడింది కాబట్టి వర్తిస్తుందని, వివాహిత స్త్రీలను మినహాయించడం చెల్లదని న్యాయస్థానం 1986 జూన్ 24న తీర్పు ఇచ్చింది. ఓటమిని ఊహించిన బ్రిటన్ ప్రభుత్వం ఒకరోజు ముందు, జూన్ 23ననే వివాహిత స్త్రీలకు భత్యం విస్తరిస్తున్నట్లు ప్రకటించింది. 1984 డిసెంబరు నుంచి వెనుకటి బకాయిలు కూడా లభించాయి. తరువాతి కొద్ది ఏళ్లలో భత్యం పొందేవారి సంఖ్య లక్ష దాటింది.

చరిత్ర దృష్టితో చూస్తే ఈ తీర్పు విలువ భత్యానికి పరిమితం కాదు. స్త్రీ ఇంట్లో ఉండడం సహజస్థితి కాదని, సేవ కోసం ఆమె వదులుకున్నది కూడా నష్టమేనని అది స్థిరపరచింది.

7. చట్టంలో నిర్వచనం (1986–2014):

నగదు భత్యంతో పాటు మరో ప్రశ్న ముందుకు వచ్చింది: సంరక్షకుల యోగక్షేమాలను అడిగే బాధ్యత ఎవరిది? ఎంపీ టామ్ క్లార్క్ ప్రతిపాదనతో వచ్చిన 1986 వికలాంగుల చట్టం, వికలాంగుల అవసరాలను అంచనా వేసేటప్పుడు సంరక్షకుల సామర్థ్యాన్ని కూడా దృష్టిలో ఉంచుకోవాలని స్థానిక సంస్థలకు సూచించింది. 1990 చట్టం ద్వారా ఆసుపత్రులు, ఆశ్రమాలకు బదులు ఇంట్లోనే సంరక్షణ అన్న విధానం బలపడింది. దాంతో కుటుంబాలపై భారం, రాజ్యానికి కుటుంబాలపై ఆధారం రెండూ పెరిగాయి.

లేబర్ ఎంపీ మాల్కమ్ విక్స్ ప్రవేశపెట్టిన ప్రైవేటు సభ్యుల బిల్లు 'కేరర్స్ (రికగ్నిషన్ అండ్ సర్వీసెస్) చట్టం, 1995'గా రూపొంది 1996లో అమలైంది. సంరక్షకుల కోసమే ప్రత్యేకంగా వచ్చిన తొలి చట్టమిది. క్రమం తప్పక గణనీయంగా సేవచేసేవారు తమ స్థితిని అంచనా వేయాలని కోరే హక్కు పొందారు. ఉద్యోగ ఒప్పందం కింద సేవచేసేవారిని, స్వచ్ఛంద సంస్థల తరఫున చేసేవారిని ఈ చట్టం స్పష్టంగా మినహాయించింది. వేతనం లేని సేవకు చట్టంలో ప్రత్యేక అస్తిత్వం ఏర్పడింది. ఆ తరువాతి ముఖ్య ఘట్టాలివి:

1) 1999లో ప్రభుత్వం తొలి జాతీయ సంరక్షకుల విధానాన్ని ప్రకటించింది. 2000 నాటి చట్టం సంరక్షకులకే నేరుగా సేవలందించే వీలు కల్పించింది.
2) 2001 జనగణనలో వేతనం లేని సంరక్షణపై మొదటిసారి ప్రశ్న చేరింది. యునైటెడ్ కింగ్‌డమ్‌లో సుమారు 59 లక్షల మంది తాము సంరక్షకులమని తెలిపారు.
3) 2004 చట్టం సంరక్షకుల ఉద్యోగం, చదువు, విరామం వంటి ఆకాంక్షలను కూడా అంచనాలో పరిగణించాలని నిర్దేశించింది.
4) 2008లో కోల్‌మన్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం, వికలాంగుడైన బిడ్డను చూసుకుంటున్న కారణంగా ఉద్యోగంలో తల్లిపై వివక్ష చూపడం కూడా వైకల్య వివక్షే అవుతుందని తేల్చింది.
5) ఇంగ్లండ్‌కు వర్తించే 2014 సంరక్షణ చట్టం 'క్రమం తప్పక గణనీయంగా' అన్న షరతును తొలగించింది. సహాయం అవసరమని కనిపిస్తే చాలు, అంచనా వేయడం స్థానిక సంస్థ బాధ్యత. సంరక్షకుల అవసరాలు సేవ పొందేవారి అవసరాలతో సమానస్థాయికి వచ్చాయి.

ఈ క్రమాన్ని అర్థం చేసుకోవడానికి జూలియా ట్విగ్, కార్ల్ ఆట్కిన్ చేసిన వర్గీకరణ ఉపకరిస్తుంది. సేవావ్యవస్థ సంరక్షకులను నాలుగు రకాలుగా చూస్తుందని వారు నిరూపించారు: ఉచితంగా దొరికే వనరుగా, సహోద్యోగిగా, తాను కూడా సహాయం పొందవలసిన వ్యక్తిగా, ఆ బాధ్యత నుంచి విడుదల చేయదగిన వ్యక్తిగా. 1986 చట్టంలో సంరక్షకులు వనరు మాత్రమే. 2014 నాటికి సహాయానికి అర్హులైన వ్యక్తులు. ఈ రెండింటి మధ్య దూరం దాటడానికి 28 ఏళ్లు పట్టింది.

8. వికలాంగుల ఉద్యమం లేవనెత్తిన ప్రశ్న:

సంరక్షకుల ఉద్యమానికి తీవ్రమైన విమర్శ ఎదురైంది పాలకుల నుంచి కాదు, వికలాంగుల ఉద్యమం నుంచి. వికలాంగురాలు, పరిశోధకురాలు అయిన జెన్నీ మారిస్ 1990లలో చేసిన వాదన ప్రధానమైనది. స్త్రీవాద రచనలు సంరక్షకుల పక్షాన మాట్లాడుతూ సేవ పొందేవారిని 'భారం'గా చిత్రించాయని, వారిలోనూ అధికులు స్త్రీలేనని, వారు తల్లులుగా, భార్యలుగా ఇతరులను చూసుకుంటున్నారన్న సంగతిని విస్మరించాయని ఆమె చూపారు. వికలాంగులకు కావలసింది బంధువుల దయ కాదని, తమకు నచ్చిన సహాయకులను నియమించుకోగల ఆర్థికశక్తి అని ఆ ఉద్యమం వాదించింది. 1996లో వచ్చిన ప్రత్యక్ష చెల్లింపుల చట్టం ఆ దిశగా పడిన అడుగు.

ఈ విమర్శ సంరక్షకుల గుర్తింపును తిరస్కరించదు. ఇద్దరిలో ఒకరి కష్టాన్ని చెప్పడానికి మరొకరి గౌరవాన్ని తగ్గించకూడదని హెచ్చరిస్తుంది. బయటి సహాయం అందుబాటులో ఉన్నప్పుడే సేవచేసే కూతురికి, సేవ పొందే తల్లికి కూడా ఎంపిక అన్నది మిగులుతుంది. సహాయం లేనిచోట ఇద్దరూ ఒకరికొకరు బందీలవుతారు.

9. గుర్తింపుకు, జీవనానికి మధ్య:

చట్టంలో గుర్తింపు విస్తరించినంతగా ఆర్థిక సహాయం విస్తరించలేదు. ఇన్‌వ్యాలిడ్ కేర్ అలవెన్స్ 2003లో 'కేరర్స్ అలవెన్స్'గా మారింది. 2024–25లో దాని మొత్తం వారానికి 81.90 పౌండ్లు. కనీసం 35 గంటల సేవ తప్పనిసరి కాబట్టి గంటకు రెండున్నర పౌండ్లైనా పడదు. అంతకు మించిన రాజ్య పింఛను పొందే వృద్ధులకు ఈ భత్యం చేతికి రాదు. ఆ ఏడాది సంపాదన పరిమితి వారానికి 151 పౌండ్లు. ఒక్క పౌండు మించినా ఆ వారం భత్యం మొత్తం పోతుంది. ఈ నిబంధన వల్ల, తెలియకుండానే పరిమితి దాటిన లక్షకు పైగా సంరక్షకులు ప్రభుత్వానికి బాకీపడినట్లు 2024లో బయటపడింది. దీనిపై ప్రభుత్వం స్వతంత్ర సమీక్షకు ఆదేశించింది. 2025 ఏప్రిల్ నుంచి పరిమితిని 196 పౌండ్లకు పెంచింది.

వెండీ చాంబర్లెయిన్ బిల్లుతో వచ్చిన 2023 సంరక్షకుల సెలవు చట్టం 2024 ఏప్రిల్ 6 నుంచి అమలవుతున్నది. ఇది ఉద్యోగులకు ఏడాదికి ఒక వారం సెలవు ఇస్తుంది, కాని ఆ సెలవుకు జీతం లేదు. వెబ్‌స్టర్ ఉద్యోగం వదిలిన 70 ఏళ్లకు, ఉద్యోగం వదలకుండానే ఒక వారం తల్లిదండ్రులను చూసుకునే హక్కు వచ్చింది. ఆ వారం ఖర్చు మాత్రం కుటుంబానిదే.

10. భారతీయ సందర్భం – కర్తవ్యం ఉంది, కర్త లేరు:

ఈ చరిత్ర వెలుగులో చూస్తే భారతీయ చట్టాల నిర్మాణం భిన్నంగా కనిపిస్తుంది. ఇక్కడ చట్టం పోషణ బాధ్యతతో మొదలైంది. 1956 హిందూ దత్తత, పోషణ చట్టం వృద్ధ తల్లిదండ్రుల పోషణను సంతానం బాధ్యతగా నిర్దేశించింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను తల్లిదండ్రులకు మనోవర్తి కోరే హక్కు ఇచ్చింది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ట్రైబ్యునళ్లను ఏర్పాటు చేసింది. ఈ మూడింటిలోనూ ఉన్నది పోషణ పొందేవారు, పోషణకు డబ్బు ఇవ్వవలసినవారు. స్వహస్తాలతో సేవచేసే వ్యక్తి ఈ చట్టాల దృష్టిలో లేరు.

2007 చట్టంలో 'సంతానం' అంటే కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు. తెలుగు కుటుంబాల్లో అత్తమామల మంచం దగ్గర తరచుగా కనిపించే కోడలు ఆ నిర్వచనంలో లేదు. 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు కోడళ్లను, అల్లుళ్లను చేర్చాలని ప్రతిపాదించింది. అక్కడ కూడా ఆమె వచ్చింది బాధ్యురాలిగానే, శ్రమజీవిగా కాదు.

ఇటీవలి చట్టాల్లో కొంత మార్పు ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సంరక్షకులను నిర్వచించాయి. అయితే ఈ రెండు నిర్వచనాలూ వేతనంతో చేసేవారిని, వేతనం లేకుండా చేసేవారిని ఒకే మాటలో కలిపాయి. 1995 బ్రిటన్ చట్టం ఈ ఇద్దరినీ విడదీసిన తీరుకు ఇది విరుద్ధం. నెల జీతానికి వచ్చే సహాయకురాలికి, జీతం మానుకొని ఇంట్లో ఉన్న కూతురికి ఒకే నిర్వచనం సరిపోయినప్పుడు కూతురు కోల్పోయినదేమిటో చట్టానికి కనిపించదు. 2016 చట్టం 24వ సెక్షను అధిక సహాయం అవసరమైన వికలాంగుల విషయంలో సంరక్షకుల భత్యాన్ని ప్రస్తావించింది. పథకాల రూపకల్పన ప్రభుత్వాల చేతుల్లో ఉంది. కేరళ 2010లోనే 'ఆశ్వాసకిరణం' పథకాన్ని ప్రారంభించింది. మంచాన పడినవారిని చూసుకునే వ్యక్తికి నెలకు ఇచ్చే ఈ సహాయం 600 రూపాయల స్థాయికి చేరింది. మొత్తం చిన్నదైనా అది సంరక్షకుల పేరున వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఇది మొత్తంలో ఎంతో మెరుగైన సహాయం. కాని 1971 నాటి అటెండెన్స్ అలవెన్స్ లాగే ఇదీ సేవ పొందేవారిది. ఆ వ్యక్తి మరణించిన నెల తరువాత, ఏళ్లతరబడి సేవచేసిన మనిషికి మిగిలేదేమిటన్న ప్రశ్నకు ఇందులో సమాధానం లేదు.

న్యాయస్థానాలు గృహశ్రమకు విలువ కట్టిన సందర్భాలున్నాయి. 2021 జనవరి 5న కీర్తి కేసులో సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాదంలో మరణించిన గృహిణి శ్రమను ఆదాయంగా లెక్కించి పరిహారం నిర్ణయించాలని మరోసారి స్పష్టం చేసింది. ఈ కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ రాసిన ప్రత్యేక తీర్పు 2019 కాల వినియోగ సర్వేను ఆధారం చేసుకొని గృహశ్రమ పరిమాణాన్ని చర్చించింది. ఆ తీర్పు వాదన బలమైనది. కాని మోటారు వాహనాల చట్టం కింద ఈ లెక్క గృహిణి మరణించాకే మొదలవుతుంది. జీవించి ఉన్నప్పుడు ఆ శ్రమకు రూపాయల్లో విలువ కట్టవలసిన అవసరం చట్టానికి కలగలేదు.

లెక్కింపు మాత్రం మొదలైంది. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం 15–59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం, పురుషులలో 21.4 శాతం కుటుంబసభ్యుల సంరక్షణలో పాల్గొంటున్నారు. పాల్గొనేవారిలో స్త్రీలు రోజుకు సగటున 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ అంకెల్లో పిల్లల పెంపకం కూడా కలిసి ఉంది. వృద్ధుల, రోగుల, వికలాంగుల సంరక్షణను విడిగా చూపే లెక్క ఉంటే 1985లో బ్రిటన్ వేసిన అడుగుకు ఇది సమానమవుతుంది.

11. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1) బ్రిటన్‌లో సంరక్షకుల గుర్తింపు మూడు పేర్ల మీదుగా నడిచింది. 'ఒంటరి స్త్రీ' అన్న పేరుతో 1965లో సంస్థ, 1976లో భత్యం వచ్చాయి. 'వివాహిత స్త్రీ' హక్కు 1986 తీర్పుతో వచ్చింది. పని ప్రాతిపదికన ఏర్పడిన 'కేరర్' అన్న పేరు 1995లో చట్టంలోకి ప్రవేశించింది.
2) ప్రతి గుర్తింపూ ఒక మినహాయింపుతో వచ్చింది. ఆ మినహాయింపును తొలగించినది బయట మిగిలినవారి లేఖలు, సంఘాలు, వ్యాజ్యాలు.
3) లేఖ, సంస్థ, లెక్కింపు, తీర్పు, చట్టం ఇవన్నీ ఈ చరిత్రలో ఒకదానికొకటి తోడ్పడ్డాయి. జీవనానికి సరిపడే ఆదాయం మాత్రం 60 ఏళ్ల తరువాత కూడా సమకూరలేదు.
4) సేవ పొందేవారి గౌరవాన్ని పక్కనపెట్టి సంరక్షకుల హక్కులను నిర్మించలేమని వికలాంగుల ఉద్యమం నేర్పింది.
5) భారతీయ చట్టం పోషణ కర్తవ్యాన్ని విస్తృతంగా నిర్వచించింది. ఆ కర్తవ్యాన్ని చేతులతో నిర్వహించే కోడలిని, కూతురిని, భార్యను, భర్తను వేతనం లేని శ్రామికులుగా విడిగా నిర్వచించలేదు.

మేరీ వెబ్‌స్టర్ లేఖకు జవాబు రాసిన స్త్రీలకు అప్పటికి పేరు లేదు. తమవంటివారు ఇంకా ఉన్నారన్న ఎరుక మాత్రమే ఆ ఉత్తరాల వల్ల కలిగింది. తెలుగు కథల్లో, ఆత్మకథల్లో, లేఖల్లో, మౌఖిక కథనాల్లో రోగి పక్కన నిలిచిన మనిషి అనుభవం చెదురుమదురుగా నమోదై ఉంది. దానిని ఏరి కూర్చి, చేసినవారు ఏ మాటతో తమను తాము చెప్పుకున్నారో గుర్తించడం తెలుగు పరిశోధన చేపట్టదగిన పని. ఆ మాట దొరికితే, చట్టంలో చేర్చడానికి తగిన పేరు కూడా అక్కడే దొరకవచ్చు.